దర్జీ కొట్టు వెనక గుమ్మం

ఫిబ్రవరి 6, గురువారం

సిమెంటాయన ఒప్పుకున్నాడు! ఒప్పుకున్నట్టే. మా కేంద్రానికి పై అంతస్తు మొత్తం తనే కట్టిస్తానన్నాడు. సిమెంటు ఆయన కంపెనీదే, ఇనుమూ కూలీ కూడా ఆయనవే. మెట్ల మీద వరసగా కూర్చున్న జనాన్ని చూసి మనిషి కరిగి నీరైపోయాడు. కాడా మరి? మానసిక వైద్య కేంద్రమని బోర్డు పెట్టుకుని ఉన్నవి మూడు గదులు. ఒకదాంట్లో డాక్టరమ్మ, ఒకదాంట్లో మందులు, మూడో దాంట్లో ఎవరు ముందొస్తే వాళ్ళు. రాత్రికి ఉంచుకోవాల్సిన మనిషొస్తే మంచం లేదు. పోయిన వారం ఒకాయన్ని ఊరవతల పెద్దాసుపత్రికి పంపిస్తే దారిలోనే బండి దిగి పారిపోయాడు, ఇప్పటికీ జాడ లేదు. "పై అంతస్తుంటే ఆయన ఇక్కడే నిద్రపోతూ ఉండేవాడు సార్" అన్నాను. నిజమే చెప్పాను, కానీ అదను చూసి చెప్పాను. విరాళాలు తెచ్చేదాన్ని, అదను చూడకపోతే నాకు జీతమెందుకు?

వెనక వరండాకి తీసుకెళ్ళినప్పుడు చిక్కొచ్చింది. మా వెనక గుమ్మం సందులోని దర్జీ కొట్టులోకి తెరుచుకుంటుంది. ముందు రోడ్డు మీంచి రావడానికి మొహమాటపడేవాళ్ళు కుట్టుపని మీద వచ్చినట్టు ఆ కొట్టులోకి వెళ్ళి, మిషన్ పక్కనుంచి మా వరండాలోకి వచ్చేస్తారు. నేను చేరకముందు నుంచీ ఇదే పద్ధతి. సిమెంటాయన అది చూసి మొహం చిట్లించాడు. "ఏంటమ్మా ఇది? ఒంట్లో బాగాలేనోళ్ళు దొంగల్లా దూరడమేంటి?"

ఎక్కణ్ణుంచి వచ్చిందో మాట! "ఆ గుమ్మమే మూసేస్తున్నాం సార్. ఇకమీదట అందరూ తలెత్తుకుని ముందు గుమ్మం నుంచే. పైకెళ్ళే మెట్లు సరిగ్గా ఆ చోటే వస్తాయి" అన్నాను. ఆయన బల్ల చరిచాడు. "అదీ మాటంటే! దానికే ఇస్తాను డబ్బు" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మెచ్చుకున్నాడు. అత్తయ్య మాత్రం యథాప్రకారం. "మీ పిచ్చాసుపత్రికి మేడొస్తోందా? ఇంకనేం, మనింట్లో తలా ఒక గది తీసుకోవచ్చు."

"మొదటి గది మీకే అత్తయ్యా" అన్నాను. ఎప్పుడూ మాటకి మాట తగిలించే మనిషి ఇవాళ లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేనే గెలిచాను.

ఫిబ్రవరి 8

అత్తయ్యతో గొడవ. డబ్బా మూత గురించి. రాసేంత సంగతి కాదు. ఆవిడే మొదలెట్టింది.

ఫిబ్రవరి 13, గురువారం

డాక్టరమ్మ అడ్డం తిరిగింది. కేంద్రం కమిటీ ముందు నా పరువు తీసేసినంత పని చేసింది.

"వెనక నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది ముందు నుంచి రారు" అంది.

"అలవాటు పడతారు. సిగ్గుపడొద్దని ఊరంతా చెప్పేది మనమే. మనమే దొంగదారి పెడితే ఎలా?" అన్నాను.

"నీకు తెలిసినవాళ్ళే ఉన్నారనుకో. అప్పుడు?"

"తెలిసినవాళ్ళయితే చెయ్యి పట్టుకుని నేనే తీసుకొస్తాను."

ఆవిడ నా వైపు చాలాసేపు చూసింది. ఏదో అనబోయి నోరు మూసుకుంది. వాదన లేనప్పుడు మనుషులు అలాగే చూస్తారు. కమిటీ అంతా నా వైపే నిలబడింది. కిందటేడాది విరాళాల కోసం ఊరంతా తిరిగి చెప్పులరగదీసింది నేను మరి!

ఇంటికొచ్చేసరికి అత్తయ్య లేదు. గురువారమైతే చాలు, ఒక నీలం గుడ్డని సంచిలో పెట్టుకుని కుట్టించుకొస్తానంటూ బజారుకి పోతుంది. సాయంత్రం అదే గుడ్డ తెచ్చి కుర్చీ మీద పడేస్తుంది. కొలత కుదర్లేదంటుంది ఒకసారి, దారం దొరకలేదంటుంది ఇంకోసారి. ఆ దర్జీ ఎవడో గానీ మహా బద్ధకస్తుడు.

ఫిబ్రవరి 27, గురువారం

గుమ్మం మూసేశాం. మేస్త్రీ పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికల్లా ఇటుకలు కట్టేశాడు. దర్జీ సణిగాడు, "నా కొట్టు బోసిపోయిందమ్మా" అని. ఇన్నాళ్ళూ సందడి ఊరికే వచ్చిందిగా.

అత్తయ్య వెళ్ళినదారినే తిరిగొచ్చేసింది. తలనొప్పంది. ఎండ.

మార్చి 6

జనం పలచబడ్డారు. మొదట్లో అలాగే ఉంటుంది.

మార్చి 11

ఈ మధ్య అత్తయ్య నోరు మెదపడం లేదు. హమ్మయ్య! నా నడక మీద, నా నవ్వు మీద, నా ఫోన్ల మీద ఒక్క మాటంటే ఒక్క మాట లేదు. పొద్దున తలుపు ధడాలున వేశాను, కావాలనే. అయినా ఏమీ అనలేదు. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ ఇంత ప్రశాంతత ఎరగను.

మార్చి 20, గురువారం

ఇవాళ కేంద్రంలో నా బల్ల దగ్గరి కిటికీలోంచి ఒక దృశ్యం చూశాను. ఎదురుగా బస్టాపులో ఒకావిడ గొడుగు వేసుకుని కూర్చుంది. మొహం కనపడదు. బస్సులొస్తున్నాయి, పోతున్నాయి, ఎక్కదు. గొడుగు మాత్రం మా గుమ్మం వైపే తిరిగి ఉంది. పోయిన గురువారం కూడా ఉందిట, కాపలా అతను చెప్పాడు.

నా బుర్ర పాదరసంలా పనిచేసింది. విరాళాల బ్రోచర్ కోసం వచ్చిన ఫొటోగ్రాఫర్ ఎలాగూ ఇక్కడే ఉన్నాడు. రోడ్డు దాటి ఆమె వెనక నుంచి తీయమన్నాను. ఆమె వీపు, గొడుగు, దూరంగా మా ముందు గుమ్మం. "అడగొద్దా మేడమ్?" అన్నాడు. మొహమే లేనప్పుడు అడిగేదేముంది? బ్రోచర్ అట్ట మీదకి ఇంతకంటే మంచి ఫొటో దొరకదు. కింద ఏం రాయాలో కూడా తట్టింది: "ఆమె ఇంకా గుమ్మం దాటలేదు. మీరు సాయం చేస్తే దాటుతుంది."

డాక్టరమ్మకి చూపిద్దామనుకున్నాను. ఎలాగూ వంకే పెడుతుంది. చూపించలేదు.

మార్చి 24

ఆ నీలం గుడ్డ ఎన్నాళ్ళని కుర్చీ మీద పడి ఉంటుంది? చింపి దుమ్ము తుడిచే పీలికలు చేశాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు. నిజంగా మారిపోయింది.

మార్చి 28

ఆయన "అమ్మ ఏదోలా ఉంది" అన్నాడు. స్నానాలగదిలో పంపు తిప్పి వదిలేసి ఊరికే కూర్చుంటోందట. పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే ఉంటోందట. వయసు మీద పడితే ఆకలి తగ్గదా? పైగా ఆవిడ చురుగ్గానే ఉంది. మొన్న అల్మారా మొత్తం సర్దేసింది, బట్టలన్నీ మూటలు కట్టేసి. పాత సామానంటే ప్రాణం పెట్టే మనిషి! నా కాగితాల పెట్టెలు పెట్టుకోవడానికి చోటు దొరికింది.

విరాళాల సభ వచ్చే గురువారమే. వక్తలు, మైకు, కుర్చీలు. ఊపిరి సలపడం లేదు.

ఏప్రిల్ 2, బుధవారం

బ్రోచర్లొచ్చాయి. కట్టలు ఇంటికే తెచ్చాను. అట్ట ఎంత బాగా

ఏప్రిల్ 2, మళ్ళీ

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి. రాయకపోతే ఇది జరగలేదని రేపు నాకు నేనే చెప్పుకుంటాను. అలా చెప్పుకోవడంలో నేను ఎంత గట్టిదాన్నో ఇందాకే తెలిసింది.

పైన ఆ వాక్యం రాస్తున్నప్పుడే ఆయన టీ తాగుతూ ఒక బ్రోచర్ తీసుకున్నాడు. "బాగుందోయ్. అమ్మనడిగే వేశావా?" అన్నాడు.

"ఏ అమ్మని?"

"మా అమ్మని. అట్ట మీద ఉన్నది అమ్మేగా?"

నేను నవ్వాను. నవ్వాను! ఆయన నవ్వలేదు. "గొడుగు చూడు. విరిగిన కమ్మీకి ఎర్ర తీగ చుట్టింది నేనే. భుజం ఎలా ఒక పక్కకి వాలిందో చూడు. మా అమ్మ వీపు నాకు తెలీదా?" అన్నాడు. తర్వాత అట్ట మీది మాటలు చదివాడు. ఇంకోసారి చదివాడు. "అమ్మ మీ కేంద్రం ఎదురుగా ఎందుకు కూర్చుంది?" అని అడిగాడు.

గురువారాలు. నీలం గుడ్డ. దర్జీ. ఒక్కొక్కటే కాదు, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు ఉంది నా బతుకు. ఊళ్ళో వాళ్ళకి బోధలు చేస్తాను కదా, నిద్ర తగ్గినా, మాట తగ్గినా, తిండి తగ్గినా, వస్తువులు పంచిపెడుతున్నా తేలిగ్గా తీసుకోకండని. ఆ మాటలు ఎన్ని సభల్లో చెప్పానో! ఇంట్లో ఆవిడ మాట ఆగిపోతే హమ్మయ్య అని రాసుకున్నాను. ఆ మాట ఇదే పుస్తకంలో ఉంది, నా చేత్తోనే.

అల్మారా. మూటలు. పరిగెత్తాను.

అత్తయ్య మంచం మీద గోడకి తిరిగి కూర్చుని ఉంది. "ఈ మూటలెందుకు కట్టారత్తయ్యా?" అన్నాను.

"తర్వాత మీకు సులువుగా ఉంటుందని" అంది. రేపు వాన పడొచ్చు అన్నంత మామూలుగా.

"మాత్రలేవి?" అన్నాను. వాడుతుందని ఎవరూ చెప్పకుండానే అడిగాను. అయిపోయాయంది. గుమ్మం మూసినప్పుడే అయిపోయాయట.

"ముందు నుంచి రావచ్చుగా అత్తయ్యా! ఊరు చూస్తే ఏంటి?"

అప్పుడు నా వైపు తిరిగింది. కళ్ళు ఎంత లోపలికి పోయాయో! ఎప్పటినుంచి అలా ఉన్నాయో! "ఊరితో నాకేం పనే? మెట్ల పక్క కిటికీలో నువ్వుంటావు."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"ఈ ఇంట్లో నాకున్నది ఈ నోరొక్కటే. దాంతోనే నీకు సమానంగా నిలబడ్డాను. నీ ముందు నుంచి మెట్లెక్కి మందులకొస్తే ఇంక నిన్నేమనగలను? జాలిపడతావు నువ్వు. నీ జాలి నాకొద్దు."

ఇంకో మాట కూడా చెప్పింది. అది రాయడానికి భయంగా ఉంది. రెండేళ్ళ కిందట నేను వంటింట్లో ఎవరో దాతతో ఫోన్లో మాట్లాడుతున్నానట. నిద్ర పట్టకపోవడం, ఏడవాలనిపించినా ఏడుపు రాకపోవడం, అందరి మధ్యా ఉండి ఎక్కడో ఉన్నట్టుండటం, ఇవి పొగరో వయసో కాదు, జబ్బు, తగ్గుతుంది అని చెబుతున్నానట. తలుపు చాటున నిలబడి విన్నదట. "అది నా గురించేనని అప్పుడు తెలిసిందే. నువ్వు చెప్తేనే వెళ్ళాను."

నేను చెబితేనే వెళ్ళింది. నేను మూస్తేనే ఆగిపోయింది.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. అంతా విని, "వస్తున్నా. ఆవిణ్ణి ఒంటరిగా వదలొద్దు" అంది. అప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. నేనే అన్నాను, ఇంకెవరూ కాదు.

"ముందు గుమ్మం నుంచి రావద్దు డాక్టరమ్మా. పక్కింటావిడ అరుగు మీదే కూర్చుంది. వంటింటి వైపు నుంచి రండి."

అవతల ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

వచ్చింది. అత్తయ్యతో తలుపు వేసుకుని మాట్లాడింది. మాత్రలిచ్చింది. ఆయన మంచం పక్కనే కూర్చున్నాడు, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ. వెళ్ళేటప్పుడు డాక్టరమ్మని అడిగాను, "మీకు తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదు?" అని.

"ఎవరొస్తున్నారో చెప్పే హక్కు నాకు లేదు. ఇంటివాళ్ళకైనా సరే. చెప్పగలిగినంతా చెప్పాను. నువ్వు చెయ్యి పట్టుకుని తీసుకొస్తానన్నావు" అంది. చెప్పులేసుకుని వంటింటి గుమ్మం నుంచే వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 3, గురువారం

బ్రోచర్ ఒక్కటి కూడా బయటికి పోలేదు. కట్టలు విప్పకుండా మంచం కిందకి తోసేశాను.

సభలో ఏం మాట్లాడానో ముక్కలు ముక్కలుగా గుర్తొస్తోంది. సిమెంటాయన ముందు వరసలో కూర్చున్నాడు. మైకు పట్టుకుని, "గుమ్మం మూయడం నా తప్పు. మళ్ళీ తెరవాలి. మెట్లు ఇంకో పక్కకి జరపాలి, ఖర్చు పెరుగుతుంది" అన్నాను. గుసగుసలు మొదలయ్యాయి.

ఆయన లేచాడు. "ఏంటమ్మా, అప్పుడలా చెప్పి ఇప్పుడు మాట మారుస్తున్నావు? నేను ఇస్తానన్నదే ఆ మాటకి. తలెత్తుకుని రమ్మంటే బాగుంది, దొంగదారికి నా డబ్బెందుకు?"

"దొంగదారి కాదు సార్. మన ఇళ్ళకి పెరటి గుమ్మం ఉండదా? దాంట్లోంచి వచ్చేవాళ్ళు దొంగలా? తలెత్తుకోవడానికి ముందు మనిషి బతికుండాలిగా."

"ఎవరైనా చచ్చిపోయారా ఏంటి గుమ్మం మూస్తే?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

అత్తయ్య పేరు నా నాలుక చివర దాకా వచ్చింది. చెబితే ఆయన కరిగిపోయేవాడు, అదను అంటే అదే. నాకు తెలుసు. ఆ సంగతి తెలిసినందుకే నా మీద నాకు అసహ్యం వేసింది. "చెప్పే హక్కు నాకు లేదు సార్" అన్నాను.

ఆయన వెళ్ళిపోయాడు. ఆయన వెనకే మరికొందరు. కమిటీ పెద్ద నా వైపు చూసిన చూపు ఈ జన్మకి మర్చిపోను. మిగిలినవాళ్ళు ఇచ్చినదాంతో పై అంతస్తు కాదు కదా, మెట్లు కూడా లేవవు. ఒక్క గదొస్తుంది, కిందే, రెండు మంచాలతో. గుమ్మం తెరవడానికి మేస్త్రీ కూలీ.

పారిపోయిన ఆ మనిషి గుర్తొస్తూనే ఉన్నాడు. అలాంటివాళ్ళు ఇంకా వస్తారు, మంచం లేదంటాం. ఆ లెక్క కూడా నా మెడకే. ఏది తప్పో ఏది ఒప్పో ఇవాళ అడగొద్దు.

ఏప్రిల్ 5

అత్తయ్య నిద్రపోయింది. మధ్యాహ్నం కూడా.

ఏప్రిల్ 10, గురువారం

గోడ పగలగొట్టారు. నేనూ వెళ్ళి నిలబడ్డాను. ఇటుకలు తీస్తుంటే అవతల దర్జీ మిషన్ ఆపి చూశాడు. "నీలం గుడ్డావిడ బాగుందా అమ్మా?" అన్నాడు. ఆవిడ ఎవరో అతనికి తెలీదు, నేనెవరో తెలుసు. "ఎవరో నాకు తెలీదు" అన్నాను. మొదటిసారి నా అబద్ధం ఒకటి సరైన చోట పడిందనుకుంటాను.

నా బల్ల కిటికీ దగ్గర్నుంచి తీసి లోపలి గోడ పక్కన వేయించాను. గాలాడదు. ఎందుకని ఎవరైనా అడిగితే ఎండ అన్నాను.

ఏప్రిల్ 17, గురువారం

అత్తయ్య ఇంకా దర్జీ కొట్టుకి వెళ్ళలేదు. డాక్టరమ్మే వంటింటి వైపు నుంచి వచ్చి పోతోంది, గుమ్మం తెరిచారని కూడా ఆవిడే చెప్పింది. అత్తయ్య తింటోంది, కొంచెం. మూటలు ఇంకా విప్పలేదు. విప్పుదామా అని ఆయన అడిగితే "ఉండనీ" అంది. ఆ ఒక్క మాటకి ఇద్దరం రోజంతా బెంబేలెత్తిపోయాం.

చెయ్యి పట్టుకుని బయట నాలుగడుగులు వేయిద్దామని పట్టుకున్నాను. "చెయ్యి వదులు" అంది. వదిలేశాను.

ఏప్రిల్ 26

మూటల్లో ఒకటి విప్పింది. గొడుగు తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది.

మే 1, గురువారం

నిన్న సాయంత్రం బజారులో కొత్త గుడ్డ కొన్నాను. అలాంటి నీలం ఎక్కడా దొరకలేదు. దొరికిందాంట్లో ఒకటి, పసుపు పూలది. తెచ్చి ఆవిడ కుర్చీ మీద వేసి ఊరుకున్నాను. ఏమీ చెప్పలేదు. ఆ రోజు తర్వాత ఆ విషయం మా మధ్య ఒక్కసారి కూడా రాలేదు. ఇక రాదు కూడా.

పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే ఆవిడ ఆ గుడ్డ రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చూస్తోంది. అటు తిప్పింది. ఇటు తిప్పింది. నేను చెప్పులు వెతుకుతున్నట్టు వంగాను. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"ఏమే!"

రెండు నెలలయింది ఆ పిలుపు విని. "చెప్పండత్తయ్యా."

"ఈ రంగేంటే? ఇంత డబ్బు పోసి ఎవరైనా ఇలాంటి గుడ్డ కొంటారా? కళ్ళు నెత్తికెక్కాయా? పిచ్చాసుపత్రిలో చేసి చేసి నీకూ పట్టినట్టుంది."

తిట్టింది. నన్ను తిట్టింది! గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. లోపల ఆయన గడ్డం గీసుకోవడం ఆపేసి, సగం నురగ మొహంతో బయటికి వచ్చి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

ఆవిడ ఆ గుడ్డ మడత పెట్టి సంచిలో పెట్టుకుంది. గొడుగు తీసుకుంది.

"ఎక్కడికత్తయ్యా?" అన్నాను. అడగకపోతే అనుమానం వస్తుందిగా.

"దర్జీ దగ్గరికి."

"ఎప్పటికి కుట్టిస్తాడట?"

మెట్లు దిగుతూ వెనక్కి తిరక్కుండానే అంది, "నెమ్మదిగా కుడతాడు. నీకెందుకే తొందర?"

వీధి చివర మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే ఉన్నాను, మొహం మాత్రం ఇంట్లోకి తిప్పి. తర్వాత ఇంకో వీధి నుంచి చుట్టూ తిరిగి ఆలస్యంగా ఆఫీసుకి వెళ్ళాను.